రెండుసార్లు తూగిన పెద్దోడు

చిన్నోణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఎలా ఆపాలో మా అత్తయ్య నాకు వంటింట్లో చెప్పింది. చెప్పే ముందు కుళాయి ధారగా తిప్పింది, ఆ చప్పుడులో మాటలు కలిసిపోవాలని. ఇంట్లో మేమిద్దరం తప్ప వినేవాళ్ళెవరూ లేరు. పక్కగదిలో ఉన్న కవలలకి మాటలు వచ్చే వయసు ఇంకా చాలా దూరం. అయినా తిప్పింది. భయం పట్టిన మనిషికి సొంత ఇంటి గోడల మీద కూడా నమ్మకం ఉండదు.

"ఆవిడ రాగానే పెద్దోణ్ణి తీసుకెళ్ళి చిన్నోడని చెబుదాం. తూచాక లోపలికి తెచ్చి కడుపునిండా పాలు పట్టు. మళ్ళీ వాణ్ణే తీసుకెళ్ళి పెద్దోడని చూపిద్దాం. పాలు తాగాక కాస్త ఎక్కువ తూగుతాడు కదా, ఇద్దరికీ తేడా ఉన్నట్టే ఉంటుంది" అంది.

"వారంలో చిన్నోడు అంత పెరిగాడంటే నమ్ముతుందా అత్తయ్యా?"

"ఎందుకు నమ్మదు? వాడు పెరగాలని మనకెంత ఉందో ఆవిడకీ అంతే ఉంది. కావాలనుకున్నది కళ్ళముందుంటే ఎవరైనా నమ్ముతారు" అంది అత్తయ్య. ఇస్త్రీ షాపు నడిపి కొడుకుని పెంచిన మనిషి. ఏ మనిషి ఎక్కడ మెత్తబడతాడో ఆమెకి తెలుసు.

ఆ రావాల్సిన ఆవిడ తూకమ్మ. అసలు పేరు వేరే ఉంది. తల్లీబిడ్డల ఆఫీసు నుంచి వారానికోసారి వస్తుంది, సంచిలో పిల్లల్ని తూచే తూకం తెస్తుంది కాబట్టి మా ఆయన ఆ పేరు పెట్టాడు. నేను కడుపుతో ఉన్నప్పటి నుంచీ వస్తోంది. ఏ పక్కకి తిరిగి పడుకోవాలో, కాళ్ళు వాస్తే ఎప్పుడు కంగారు పడాలో, ఎప్పుడు అక్కర్లేదో ఆవిడే నేర్పింది. కడుపులో పిల్లలతో మాట్లాడమని మా ఆయన్ని కూడా కూర్చోబెట్టింది. ఆయన లిఫ్టు మెకానిక్. ఊళ్ళో అందరి లిఫ్టులూ బాగుచేసి వచ్చి, లిఫ్టు లేని ఈ ఇంటి మెట్లు ఎక్కుతూ ఆయాసపడుతుంటాడు. ఏం మాట్లాడాలో తెలీక, మధ్యలో ఆగిపోతే భయపడొద్దనీ, ఎవరో ఒకరు వచ్చి తలుపు తీస్తారనీ నా పొట్టకి చెప్పాడు. తూకమ్మ పడీపడీ నవ్వింది.

ఆవిడకి రెండు పట్టింపులున్నాయి. తూకాన్ని నేల మీద సమంగా పెట్టి, ముందు మా వంటింట్లోంచి విప్పని చక్కెర ప్యాకెట్టు అడిగి తీసుకుని తూస్తుంది. అది సరిగ్గా చూపిస్తేనే బిడ్డని పడుకోబెడుతుంది. అంచేత తూకాన్ని ఏమార్చడం మా వల్ల అయ్యేది కాదు. రెండోది, పిలవని గదిలోకి అడుగుపెట్టదు. "ఇల్లు మీది, బిడ్డలు మీవాళ్ళు. మీరు చూపించినంతే నేను చూస్తాను" అంటుంది. కొత్తలో ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. మా గది ఎలా ఉన్నా, మంచం మీద గుడ్డలు ఎన్ని పేరుకుపోయినా ఆవిడ తొంగిచూడదు. ఒకడు లేస్తే రెండోవాడు లేస్తాడని నేను ఎప్పుడూ పిల్లల్ని ఒక్కొక్కణ్ణే ముందు గదిలోకి తెచ్చి తూయించేదాన్ని. అదే అలవాటైపోయింది. అత్తయ్య పథకానికి కావాల్సిందంతా అలా మా ఇంట్లోనే అమరి ఉంది.

కిందటివారం తూకమ్మ చిన్నోణ్ణి తూచి, తీసి, మళ్ళీ తూచింది. "బరువు తగ్గాడమ్మా. ఈ వారం చూద్దాం. వచ్చేసారికి పెరగకపోతే మాత్రం ఆసుపత్రిలో పెట్టి చూపించాలి" అంది. మామూలుగానే అంది. నాకు మాత్రం చేతులు కాళ్ళు ఆడలేదు.

మాకు వీళ్ళకన్నా ముందు ఒక పాప. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నా ఒళ్ళో ఉంది. వచ్చేటప్పుడు మా ఆయన చేతుల్లో తెల్ల గుడ్డలో వచ్చింది. అప్పటి నుంచి ఆసుపత్రి అనే మాట మా ఇంట్లో ఎవరూ పలకరు. ఆ వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళతాం. పిచ్చితనమని మాకూ తెలుసు. ఏం లాభం?

వారమంతా చిన్నోడి చుట్టూ తిరిగాం. చెంచాతో పట్టాం, దూదితో పట్టాం. రెండు చుక్కలు మింగి కళ్ళు మూసేసేవాడు. చేతులు చల్లగా ఉన్నాయని అత్తయ్య గుడ్డల్ని ఇస్త్రీపెట్టెతో వేడిచేసి, తన చెంపకి ఆనించి చూసుకుని, వాడికి చుట్టేది. చల్లారితే మళ్ళీ వేడిచేసేది. ఆమెకి వాడంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఆ ప్రేమతోనే మేము వాణ్ణి చంపుకునేదాకా వచ్చాం.

పథకం విని మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. "మీ ఇష్టం" అన్నాడు. ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోనొస్తే, బతుకు జీవుడా అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన వద్దంటే నేనూ వద్దనేదాన్ని. ఆయనా అదే అనుకుని ఉంటాడు, నేను వద్దంటే తనూ వద్దనేవాణ్ణని.

తూకం తక్కువ చూపించాలని పెద్దోణ్ణి పొద్దుట్నుంచి ఆకలితో ఉంచాం. వాడు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. చిన్నోడు కిక్కురుమనలేదు. ఆ రెండో గొంతు వినపడకపోవడం నాకు లోలోపల భయంగానే ఉంది. పడుకున్నాడులే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

తూకమ్మ వచ్చింది. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, అరచేతులు రుద్ది వెచ్చబెట్టుకుంది. చక్కెర ప్యాకెట్టు తూచింది. "ముందు మన అరుపులాయన్ని తీసుకురండి" అంది నవ్వుతూ. ఆవిడ లెక్కలో అరిచేవాడు పెద్దోడు.

"ఇవాళ అరుస్తున్నది చిన్నోడమ్మా" అంది అత్తయ్య. ఎంత తేలిగ్గా అందంటే, ఒక్క క్షణం నేనే నమ్మాను.

"చిన్నోడా?" తూకమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంత గొంతు వచ్చిందా వాడికి?"

పెద్దోణ్ణి తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాను. తూకం మీద పడుకోబెట్టింది. చూసింది. బిడ్డని తీసి, తూకాన్ని సున్నాకి తెచ్చి, మళ్ళీ పడుకోబెట్టింది. నా గుండె చప్పుడు ఆవిడకి వినపడుతుందేమోనని గోడకి ఆనుకుని నిలబడ్డాను. వాడి కాళ్ళు పట్టుకు చూసింది, తొడలు చూసింది. ఇక అయిపోయింది, పట్టేసింది అనుకున్నాను.

ఆవిడ తలెత్తింది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఈ వారమంతా నాకు నిద్రలేదమ్మా, తెలుసా? మా ఇంట్లో అన్నం తింటుంటే కూడా వీడే గుర్తొచ్చాడు. ఏం చేశారు మీరు? ఏం పట్టారు?"

"ఏముంది, చెంచాతో పట్టాం" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో లాగా ఉంది.

"ఓపిక మీది" అని నా భుజం తట్టింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. పట్టుబడి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో. ఆవిడ సంబరం చూడలేక బిడ్డని అందుకున్నాను.

పెద్దోణ్ణి లోపలికి తెచ్చి పాలిచ్చాను. ఆకలి మీదున్నాడేమో, గటగటా తాగాడు. పక్కన చిన్నోడు కదలకుండా పడుకుని ఉన్నాడు. వాడివైపు చూడకుండా కూర్చున్నాను. అత్తయ్య చెయ్యి చాపింది, ఇక తెమ్మని.

గుమ్మం దాటుతుంటే పెద్దోడికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. వాడికి ఎప్పుడూ అంతే, ఆత్రంగా తాగితే ఎక్కిళ్ళు. మొదటిసారి తూచినప్పుడు కూడా ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళతోనే ఉన్నాడు. అప్పుడు తూకమ్మ వాడి వీపు నిమిరి తగ్గించింది. ఇప్పుడు అదే ఎక్కిళ్ళతో, అదే వీపుతో, అదే బిడ్డ.

"ఇదేంటి, ఇద్దరికీ ఒకేసారా?" అంది తూకమ్మ.

"కవలలు కదా. ఒకడికి తుమ్మొస్తే ఇంకొకడికి జలుబు" అంది అత్తయ్య. ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

తూచడం అయింది. ఆవిడ సంచి సర్దుకుంటూ ఆగి, "ఒక్కసారి ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడాలనుంది. చిన్నోణ్ణి కూడా తెస్తారా?" అంది.

అత్తయ్య మొహంలో రంగు మారింది. ఆమె తేరుకునే లోపల నేనే అనేశాను. "ఇప్పుడే నిద్రపోయాడండీ."

"అయ్యో, అయితే లేపకండి. నిద్రపోయే బిడ్డని లేపితే పాపం" అంది తూకమ్మ. గది గుమ్మం అక్కడే ఉంది. తలుపు సగం తీసే ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు. ఆవిడ అటు చూడను కూడా చూడలేదు. నేను పిలవలేదు కాబట్టి.

సంచి భుజాన వేసుకుని, చెప్పుల దగ్గర నిలబడి, ఆవిడ అన్న మాట ఇది. "ఇక మీకు వారం వారం నా అవసరం లేదమ్మా. నెలకోసారి వస్తాను. ఆ చివర వీధిలో ఒక చిన్న పిల్ల ఉంది, మొదటి కాన్పు, దిక్కులేనట్టు ఉంది. మీ వారం వాళ్ళకిస్తాను."

తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. చెప్పుల చప్పుడు మెట్ల మీద దిగిపోతోంది. అత్తయ్య కుర్చీలో కూలబడి, "గండం గడిచింది" అంది.

గడిచిందా? నెలరోజులు. ఆ మాట అప్పుడు నా తలకెక్కింది. చిన్నోడు బరువు తగ్గుతున్నాడని ఈ ఇంటి బయట తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది. ఆ ఒక్కదాన్నీ నమ్మించి, నవ్వించి, మెట్లు దింపి పంపేశాం. ఇప్పుడు వాడి సంగతి మా ఇంటి వరకే తెలుసు. మేమిద్దరం నోరు తెరవం. మా ఆయన లిఫ్టుల్లోంచి ఇంటికి రాడు. ఈ గదిలో వాడికి ఏమైనా ఎవరూ రారు.

లోపలికి పరిగెత్తాను. వాడి గుడ్డ తడిమాను. పొద్దుట్నుంచి తడవలేదు. మాడు లోపలికి గుంటపడి ఉంది. వేలు నోట్లో పెడితే పట్టలేదు. పేరు పెట్టి పిలిచాను, పాదం గిల్లాను. కళ్ళు కొంచెం తెరిచి, నన్ను దాటి ఎటో చూసి, మూసేశాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

వాణ్ణి గుడ్డలో చుట్టి బయటికొచ్చేసరికి అత్తయ్య వీధి తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"ఆవిణ్ణి పిలుస్తాను."

"వద్దమ్మాయ్. నీకు దణ్ణం పెడతాను. ఒక్కరోజు ఆగు. నేను గుడ్డలు వేడిచేస్తాను. రేపటికి..."

"అడ్డం లేవండి అత్తయ్యా."

ఇన్నేళ్ళలో ఆమెతో అలా మాట్లాడింది లేదు. ఆమె గుడ్డ తొలగించి వాడి మొహం చూసింది. తప్పుకుంది.

మెట్లు ఎలా దిగానో నాకు తెలీదు. చెప్పులు లేవు, జుట్టు ముడి ఊడిపోయింది. ఒక చేత్తో వాడి తల పట్టుకుని, ఇంకో చెయ్యి గోడకి రాసుకుంటూ దిగాను. కాలు జారితే ఇద్దరం పోతాం. ఆగితే వాడు పోతాడు. వీధిలోకి వచ్చేసరికి తూకమ్మ దూరంగా మలుపు దగ్గర స్కూటరు ఎక్కి ఉంది. హెల్మెట్టు పెట్టుకుంది. బండి స్టార్టయింది. పిలుద్దామంటే నా గొంతు పెగల్లేదు. నోరు తెరిచి మూసి, చేపలాగా నిలబడ్డాను.

అప్పుడు పైనుంచి వినపడింది.

"తూకమ్మగారూ. ఆగండి. ఆగండమ్మా. అబద్ధం చెప్పాం."

మా అత్తయ్య. కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి ఉంది. షాపు రోజుల్లో బట్టలు మర్చిపోయి వెళ్ళే వాళ్ళని వీధి చివరి నుంచి వెనక్కి పిలిచిన గొంతు అది. వీధి వీధంతా తలెత్తి చూసింది. కిళ్ళీ కొట్టువాడు చూశాడు, సైకిలు మీద పోతున్న మనిషి కాలు కింద పెట్టి చూశాడు. స్కూటరు ఆగింది.

నేను పరిగెత్తి వెళ్ళి గుడ్డ తీసి చూపించాను.

"ఎవరిది?" అంది తూకమ్మ. ఒక్క క్షణం నిజంగానే గుర్తుపట్టలేదు.

"చిన్నోడు."

"మరి ఇందాక నేను తూచింది?"

"పెద్దోణ్ణే. రెండుసార్లూ వాణ్ణే."

ఆవిడ మొహం చూడలేకపోయాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఎప్పుడు తాగాడు, గుడ్డ ఎప్పుడు తడిసింది, వాంతి అయిందా అని అడిగింది. ప్రతి జవాబుకీ ఆవిడ పెదవులు ఇంకా బిగుసుకున్నాయి. ఇన్నాళ్ళూ ఎప్పుడు కంగారు పడాలో నాకు చెప్పిన మనిషి ఇప్పుడు తనే కంగారు పడుతోంది.

స్కూటరు అక్కడే వదిలేసి ఆటో ఆపింది. బిడ్డని అందించబోతే తీసుకోలేదు.

"మీరే ఎత్తుకోండి. గుడ్డ తీసి ఒంటికి ఆనించుకోండి, మీ వేడి తగలాలి."

"తీసుకెళ్ళిపోతారా వీణ్ణి?" అని అడిగాను. చిన్నపిల్ల లాగా అడిగాను.

"నేను తీసుకెళ్ళను. తీసుకెళ్ళేది మీరు. నేను పక్కన కూర్చుంటాను" అంది.

దారి పొడుగునా నా ఛాతీ మీద వాడి ఊపిరి వెతుక్కున్నాను. ఒకసారి దొరికేది, ఒకసారి దొరికేది కాదు. దొరకనప్పుడు నేను కూడా ఊపిరి ఆపేదాన్ని. ఏ వీధిని తప్పించుకుని ఇన్నాళ్ళూ చుట్టూ తిరిగామో, ఆ వీధిలోకే ఆటో తిరిగింది. కళ్ళు మూసుకున్నాను.

వాణ్ణి లోపలికి తీసుకుని తలుపు వేశారు. వరండాలో బల్ల మీద నేనూ తూకమ్మా కూర్చున్నాం. ఆవిడ చాలాసేపు తన అరచేతులే చూసుకుంది. "ఎక్కిళ్ళప్పుడే తెలియాల్సింది నాకు" అంది.

అత్తయ్య ఫోను చేసిందేమో, కాసేపటికి మా ఆయన పెద్దోణ్ణి ఎత్తుకుని వచ్చాడు. చేతులకి గ్రీజు ఉంది. వెనక అత్తయ్య. గోడ పట్టుకుని నడుస్తోంది. వచ్చి నా పక్కన కూర్చోలేదు, ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"నిన్న తెచ్చి ఉంటే బతికేది అన్నాడు" అంది.

"ఎవరు?"

"పాప పోయినప్పుడు. డాక్టరు. నువ్వు స్పృహలో లేవు, అబ్బాయి మందుల కోసం కిందికెళ్ళాడు. నాతో అన్నాడు. నిన్న తెచ్చి ఉంటే బతికేదమ్మా అని. ముందురోజు మీరిద్దరూ తీసుకెళ్దామంటే, ఒక్కరోజు చూద్దాం అన్నది నేను కదే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆసుపత్రి అంటే నాకు భయం లేదు. ఆ మాట మళ్ళీ వినలేను."

మా ఆయన గోడవైపు తిరిగాడు. అత్తయ్య అలా అనడం నాకు గుర్తుంది. సరే అని తల ఊపింది నేనన్నది కూడా గుర్తుంది. ఇద్దరం ఒకే వంటింట్లో ఇన్నాళ్ళుగా ఆ ఒక్క మాటనీ ఒకరి దగ్గర ఒకరం దాచుకుని తిరిగాం. ఆమెని తిట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనిపించింది. రెండిట్లో ఏదీ చెయ్యలేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరు చిన్నమ్మాయి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. అత్తయ్య నేల మీద నుంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి లేచింది.

"ఆలస్యం చేశామా అమ్మా?" అని అడిగింది.

ఆ అమ్మాయి మా అందరి మొహాలూ చూసింది. "చేశారు" అంది. "ఒంట్లో నీరు లేదు, చక్కెర బాగా పడిపోయింది. సెలైను పెట్టాం. ఇవాళ గడవాలి. అంతకన్నా ఇప్పుడే చెప్పలేను. తల్లి ఎవరు? పాలు పిండి ఇవ్వాలి, లోపలికి రండి."

అత్తయ్య ఆ మాటకి పడిపోతుందనుకున్నాను. పడలేదు. తల ఊపింది. నేను లేస్తుంటే ఆమే వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"నన్నూ రానిస్తారా?" అంది డాక్టరుతో.

"ఒక్కరేనండీ."

అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. గుమ్మం దాకా వచ్చింది. మా ఆయన చేతుల్లో పెద్దోడు మళ్ళీ ఆకలికి లేచి రాగం అందుకున్నాడు.

"వెళ్ళు. వాడెలా ఉన్నాడో చూడు" అంది. "ఎలా ఉన్నా సరే, బయటికొచ్చి నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"చెబుతాను అత్తయ్యా" అన్నాను. చెప్పగలనో లేదో తెలీకుండానే లోపలికి వెళ్ళాను.